తలుపు తీసేది లోపలివాళ్ళే

పోయిన నెల ఒక వలీమాలో దస్తర్‌ఖాన్ ముందు కూర్చున్నాను. వరసకి మామూ అయ్యే పెద్దాయన పక్కకి జరిగి మెల్లగా అడిగారు. కొడుక్కి జర్మనీలో ఎంఎస్ సీటు వచ్చిందట. "అఖ్బార్‌లో పనిచేస్తావు కదా బేటా, ఒక మాట చెప్పు. అక్కడ మళ్ళీ హిట్లర్ పార్టీ వస్తోందంటున్నారు. పిల్లోణ్ణి పంపొచ్చా?"

నేను నోరు తెరిచేలోపే ఎదురుగా ఉన్న కుర్రాడు అందుకున్నాడు. "వస్తే రానీ మామూ, యూదులకి హిట్లర్ సరిగ్గానే చేశాడు." ఇద్దరు ముగ్గురు నవ్వారు. శుభకార్యంలో బహస్ ఎందుకని నేను ఊరుకున్నాను. ఆ ఖామోషీకి కఫ్ఫారాగా ఇది రాస్తున్నాను.

ముందు మామూ సవాల్‌కి జవాబ్.

ఆ పార్టీ పేరు ఆల్టర్నేటివ్ ఫర్ జర్మనీ, పొట్టిగా ఏఎఫ్‌డీ. 2013లో పుట్టింది. యూరో కరెన్సీ వద్దనే ప్రొఫెసర్లు పెట్టిన పార్టీ అది. ఆ ఏడాది 4.7 శాతం ఓట్లు వచ్చాయి. 5 శాతం దాటకపోతే పార్లమెంటులో సీట్లు దొరకవు కాబట్టి బయటే ఉండిపోయింది. 2015లో సిరియా నుంచి శరణార్థులు లక్షల్లో వచ్చాక నఫ్రత్ దాని అసలు సరుకైంది. ఇస్లాం జర్మనీకి చెందదని 2016లో తన కార్యక్రమంలోనే రాసుకుంది. 2017లో 12.6 శాతం. 2021లో 10.3. 2025 ఫిబ్రవరిలో 20.8 శాతం, 630 సీట్లలో 152. ఇప్పుడది ప్రధాన ప్రతిపక్షం.

"ఐదుగురిలో ఒకరే కదా, నలుగురు వద్దన్నారు కదా" అని తసల్లీ చెప్పేవాళ్ళున్నారు. వాళ్ళ దగ్గర దలీల్ లేకపోలేదు. 1949 నాటి జర్మన్ దస్తూర్ మొదటి వాక్యమే మనిషి గౌరవం గురించి. ఆ అసూల్‌ని పార్లమెంటు మొత్తం ఏకమైనా మార్చలేదు. జమ్హూరియత్‌ని కూల్చాలనుకునే పార్టీని నిషేధించే హక్కు రాజ్యాంగ అదాలత్‌కి ఉంది. 1952లో ఒక నియో నాజీ పార్టీని నిషేధించింది కూడా. హిట్లర్ తుఫాను దళాల నినాదం వాడినందుకు ఏఎఫ్‌డీ నాయకుడు బ్యోర్న్ హోకెకి 2024లో కోర్టు రెండుసార్లు జరిమానా వేసింది. వలస వచ్చినవాళ్ళని మూకుమ్మడిగా పంపించేసే పథకం మీద ఆ పార్టీవాళ్ళు కొందరు పోట్స్‌డామ్‌లో గుట్టుగా కూర్చున్నారని 2024 జనవరిలో బయటపడితే, లక్షలమంది రోడ్లమీదికొచ్చారు. 1932లో లాగా వీధుల్లో ప్రైవేటు సైన్యాలు లేవు, అరవై లక్షల నిరుద్యోగులూ లేరు. ఇవన్నీ నిజాలే.

అయినా ఆ తసల్లీ నాకు చాలదు. ఎందుకంటే తారీఖ్ చెప్పే లెక్క వేరు.

స్వేచ్ఛగా జరిగిన ఏ ఎన్నికల్లోనూ నాజీలకి సగం ఓట్లు రాలేదు. 1928లో వాళ్ళకి వచ్చింది 2.6 శాతం. 1932 జులైలో 37.3 దాకా ఎక్కి, అదే ఏడాది నవంబరులో 33.1కి దిగారు. దిగిపోతున్న పార్టీ నాయకుణ్ణి మూడు నెలలు తిరక్కుండా 1933 జనవరి 30న ప్రెసిడెంట్ హిండెన్‌బర్గ్ చాన్సలర్‌ని చేశాడు. చేయించింది ఫాన్ పాపెన్‌లాంటి షరీఫ్ పెద్దమనుషులు. మొదటి కేబినెట్‌లో నాజీలు ముగ్గురే. మిగతావాళ్ళంతా సంప్రదాయవాదులు. వాణ్ణి మన గుప్పిట్లో పెట్టుకుంటామని అనుకున్నారు. రెండు నెలల్లో పార్లమెంటే తన అధికారాలన్నీ హిట్లర్‌కి రాసిచ్చింది.

అంతకుముందే ఒక రిహార్సల్ జరిగింది. టురింగియా రాష్ట్రంలో 1929 డిసెంబరులో నాజీలకి వచ్చింది 11 శాతం. హుకూమత్ నిలబడటానికి ఆ కొద్ది ఓట్లు అవసరమని అక్కడి మితవాద పార్టీలు విల్హెల్మ్ ఫ్రిక్ అనే నాజీకి హోం, విద్యా శాఖలు ఇచ్చాయి. ఏ రాష్ట్రంలోనైనా మొదటి నాజీ మంత్రి అతనే.

అదే టురింగియాలో 2020 ఫిబ్రవరిలో ఏఎఫ్‌డీ ఓట్లతో ఒక లిబరల్ నాయకుడు ముఖ్యమంత్రి అయ్యాడు. దేశమంతా గోల చేస్తే కుర్చీ దిగాడు. అదే టురింగియాలో 2024 సెప్టెంబరులో హోకె నాయకత్వంలో ఏఎఫ్‌డీ 32.8 శాతంతో మొదటి స్థానంలో నిలిచింది. 2025 జనవరి 29న, ఎన్నికలకి నెల ముందు, ఫ్రీడ్రిష్ మెర్జ్ వలసల మీద తెచ్చిన తీర్మానం పార్లమెంటులో నెగ్గింది. ఏఎఫ్‌డీ ఓట్లు పడ్డాయి కాబట్టే నెగ్గింది. తప్పుడు మనుషులు ఒప్పుకున్నంత మాత్రాన సరైన మాట తప్పైపోదని ఆయన వాదన. రెండు రోజుల తర్వాత అదే విషయం మీద బిల్లు పెడితే సొంత పార్టీవాళ్ళే కొందరు ఓటు వేయక అది ఓడిపోయింది. ఆ కొందరి జమీర్ వల్ల గోడ నిలిచింది. ఆ మెర్జ్ సాబే ఇప్పుడు చాన్సలర్.

కాబట్టి నా జవాబ్ ఇది. జర్మనీ వెనక్కి జారుతోందా అంటే, జారుతోంది. కొలవాల్సింది ఏఎఫ్‌డీ ఓట్లని ఒక్కటే కాదు, మిగతా నలుగురి నోట్లో ఏఎఫ్‌డీ మాటలు ఎన్ని చేరాయో కూడా. ఓటర్లని వెనక్కి తెచ్చుకుందామని ఆ మాటలు అరువు తెచ్చుకున్న పార్టీలకి ఓటర్లు తిరిగిరాలేదు. ఎనిమిదేళ్ళలో 12.6 కాస్తా 20.8 అయింది.

దీని ధర ఎవరు కడుతున్నారో చూడండి. 2009 జులైలో మర్వా అల్ షర్బీనీ అనే ఈజిప్టు ఫార్మసిస్టు, కడుపుతో ఉన్న తల్లి, తన హిజాబ్‌ని తిట్టినవాడి మీద గవాహీ చెప్పడానికి డ్రెస్డెన్ కోర్టుకి వెళ్ళింది. అదాలత్ గదిలోనే, మూడేళ్ళ కొడుకు కళ్ళముందే వాడు ఆమెని పొడిచి చంపాడు. 2020 ఫిబ్రవరిలో హనావులో వలస కుటుంబాల పిల్లలు తొమ్మిదిమందిని ఒకడు కాల్చి చంపాడు. మనం ఇంకోటి కూడా దాచకూడదు. 2024 ఆగస్టులో జోలింగెన్‌లో ఒక సిరియా శరణార్థి ముగ్గురిని పొడిచి చంపాడు. అది జుల్మ్. దాన్ని జుల్మ్ అనలేనివాడికి హనావు గురించి ఏడ్చే హక్కు లేదు.

ఇక ఆ కుర్రాడి నవ్వు దగ్గరికి వస్తాను.

బేటా, మొహమ్మద్ అసద్ పేరు విన్నావా? యూదు కుటుంబంలో పుట్టి, 1926లో బెర్లిన్‌లో ఇస్లాం స్వీకరించిన జర్నలిస్టు. మన హైదరాబాద్ నుంచి వచ్చే 'ఇస్లామిక్ కల్చర్' పత్రికకి పిక్తాల్ సాబ్ తర్వాత సంపాదకుడు. ఆయన తండ్రినీ చెల్లెలినీ నాజీలు పొట్టన పెట్టుకున్నారు. "సరిగ్గానే చేశాడు" అని నువ్వు నవ్వింది వాళ్ళ మీద. 1941లో సోవియట్ సైన్యంలో ఖైదీలుగా దొరికిన ముస్లింలలో ఎందరినో సున్నత్ చూసి యూదులనుకుని కాల్చేశారు. బెర్లిన్‌లో మొహమ్మద్ హెల్మీ అనే ఈజిప్టు డాక్టర్ ప్రాణాలకి తెగించి ఒక యూదు అమ్మాయిని యుద్ధం అయ్యేదాకా దాచాడు. మనవాడంటే అతను.

గాజాలో జరిగింది చూసి నీ గుండె మండుతోందని తెలుసు. నాదీ మండుతోంది. ఇజ్రాయెల్‌కి ఆయుధాలిచ్చిన జర్మన్ హుకూమత్‌ని నిలదీయాలి. దానికి హిట్లర్ ఎందుకు? వెయ్యేళ్ళ జర్మన్ చరిత్రలో హిట్లర్ కాలం పిట్ట రెట్టంత అని 2018లో ఏఎఫ్‌డీ నాయకుడు గౌలండ్ అన్నాడు. నువ్వు వాట్సాప్‌లో పంపే ఫార్వర్డ్ అతని పక్కన నిలబడుతుంది. అకల్లియత్‌ని ఏరిపారేయడం ఒకసారి సరైనదైతే, రెండోసారి అందులో నీ పేరుంటే ఏ మొహం పెట్టుకుని వద్దంటావు?

మామూ, పిల్లోణ్ణి పంపండి. మన హైదరాబాద్‌లో పుట్టిన జాకిర్ హుసేన్ సాబ్ డాక్టరేట్ తెచ్చుకుంది బెర్లిన్ నుంచే. ఈరోజు అక్కడి విదేశీ విద్యార్థుల్లో హిందుస్తానీలే అందరికంటే ఎక్కువ. జర్మన్ భాష గట్టిగా నేర్చుకోమనండి. అక్కడి గల్లీల్లో ఇళ్ళముందు చిన్న ఇత్తడి పలకలు కనిపిస్తాయి, ఆ ఇంటినుంచి నాజీలు పట్టుకుపోయినవాళ్ళ పేర్లు వాటి మీద ఉంటాయి. ఆగి చదవమనండి. వెళ్ళేముందు ఒక రోజు అందరం కూర్చుందాం. ఆ నవ్విన కుర్రాణ్ణి కూడా పిలవండి. ఈసారి నేను ఊరుకోను.