పాత డిష్‌కి మోటారు ఎందుకు?

ఈసారి వ్యాకరణం గురించి కాదు. మా పెరట్లో ఉన్న డిష్ గురించి రాస్తున్నాను. తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి, దిద్దుకుంటాను.

నేను ఉండేది ఒహాయోలో, కొలంబస్ దగ్గర. ఊరు దాటి కాస్త లోపలికి వెళ్తే పాత ఇళ్ళ పెరళ్ళలో జల్లెడ లాంటి పది అడుగుల డిష్‌లు ఇంకా కనిపిస్తాయి. 1980ల్లో జనం కొనుక్కున్నవి. ఇప్పుడు వాటి మీద తీగలు పాకాయి. ఇంటివాళ్ళని అడిగితే "మోటారు పోయింది, ఇక పనికిరాదు" అంటారు. ఒకరోజు పాత ఇనుము కొనేవాళ్ళు వచ్చి ముక్కలు చేసి తీసుకుపోతారు. నాకు ఇది చూస్తే బాధ. పోయింది మోటారు మాత్రమే కదా! చేత్తో తిప్పండి. కొత్తగా నేర్చుకునేవాళ్ళయితే మోటారు బాగున్నా సరే, మొదటి ఏడాది దాన్ని విప్పి పక్కన పెట్టండి అంటాను.

మౌంట్ అనే మాటకి తెలుగు ఏమిటని నాన్నని అడిగాను. "స్టాండ్ అను, చాలు" అన్నారు. సరే, స్టాండ్.

నాకు ఊరికే దొరికిన డిష్‌కి స్టాండ్ బాగానే ఉంది. దాన్ని తోసే మోటారు జాకీ తుప్పు పట్టి బిగుసుకుపోయింది. ఈ పాత స్టాండ్లు చాలా తెలివైనవి. టీవీ ఉపగ్రహాలు భూమధ్యరేఖకి పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో వరసగా నిలబడినట్టు ఉంటాయి. ఇక్కడినుంచి చూస్తే ఆ వరస దక్షిణాన ఒక విల్లులా వంగుతుంది. డిష్ తిరిగే ఇరుసుని భూమి ఇరుసుకి సమాంతరంగా పెడితే, ఒక్క ఇరుసు మీద తిప్పుతూ ఆ విల్లు మొత్తం చూడొచ్చు. మా అక్షాంశం 40 డిగ్రీలు, కాబట్టి ఇరుసు వాలు కూడా 40. అక్కడితో అయిపోలేదు. డిష్‌ని ఇంకో ఆరు డిగ్రీల పైచిలుకు కిందికి వంచాలి, ఎందుకంటే ఉపగ్రహాలు నక్షత్రాలంత దూరంలో లేవు. విజయవాడలో అయితే ఈ వంపు మూడు డిగ్రీలు కూడా ఉండదు. నేను ఈ ఆరు డిగ్రీలు మర్చిపోయాను. మూడు వారాలు ఖాళీ ఆకాశాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఇంకో తప్పు, దిక్సూచిని నమ్మడం. ఇక్కడ దాని ముల్లు అసలు ఉత్తరానికి దాదాపు ఏడు డిగ్రీలు పడమరగా చూపిస్తుంది. చివరికి రాత్రి ధ్రువ నక్షత్రాన్ని చూసి సరిచేశాను. మన పెళ్ళిళ్ళలో అరుంధతిని చూపిస్తారు, నాకు పనికొచ్చింది మాత్రం ధ్రువుడు.

ఇప్పుడు జాకీ స్థానంలో ఒక అంగుళం లావున్న మరల కడ్డీ ఉంది, చివర చేతిపిడి. కడ్డీకి అంగుళానికి ఎనిమిది మరలు. ఇరుసుకి 60 సెంటీమీటర్ల దూరంలో డిష్‌ని పట్టుకుంటుంది. లెక్క వేస్తే డిగ్రీకి మూడు చుట్లకి కాస్త ఎక్కువ. నేరుగా దక్షిణం నుంచి 97 డిగ్రీల పడమర దగ్గరున్న గెలాక్సీ 19 దాకా యాభై పైచిలుకు చుట్లు. తిప్పుతూ తెలుగులో పైకి లెక్కపెడతాను. నలభై తొమ్మిది, యాభై, యాభై ఒకటి. ఇరవై దాటాక అంకెలు నాకు ఇలాగే వచ్చాయి, పుస్తకంలో కాదు.

మోటారు వద్దనడానికి అసలు కారణం ఇది. మోటారు ఉంటే, బొమ్మ రాకపోయినప్పుడు తప్పు మోటారుదా, దాని పెట్టెదా, వైరుదా, మీ గురిదా తెలియదు. కొత్తవాళ్ళు ఇక్కడే విసిగిపోయి మానేస్తారు. చేత్తో తిప్పితే అనుమానాల్లో సగం ముందే పోతాయి. రెండు చుట్లు ఎక్కువైతే ఏం పోతుందో, రెండు తగ్గితే ఏం వస్తుందో చేతికే తెలుస్తుంది.

నాన్న మాత్రం ఫోన్‌లో, "మోటారు కొనుక్కో తల్లీ, నడుము పట్టేస్తుంది" అన్నారు. తర్వాత ఆయనే, చిన్నప్పుడు పక్క ఊరి బడి దగ్గర కోళ్ళ గూటికి వాడే వలతో చేసిన గొడుగు చూశానని చెప్పారు. నేను వెతికి చదివాను. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహం మన దేశంలో ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళకి కార్యక్రమాలు పంపింది. ఆంధ్రప్రదేశ్‌కి తెలుగులో. ఆ వల డిష్‌లు మూడు మీటర్లవి, అంటే నా డిష్ అంతే! వాటిని తిప్పే పని లేదు. అంతకుముందు అమెరికా మీద ఉండి అలాస్కాకీ, అపలాచియా కొండ ప్రాంతాలకీ పాఠాలు పంపిన ఉపగ్రహాన్నే తూర్పుకి జరిపి తెచ్చారు. ఇది విన్నాక నాన్న చాలాసేపు మాట్లాడారు, అదీ తెలుగులోనే. మామూలుగా నాతో ఇంగ్లీషులోకి వెళ్ళిపోతారు.

"ఇప్పుడు అందులో చూడటానికి ఏముంది?" అని అడిగేవాళ్ళకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఈ పెద్ద డిష్‌లు పట్టే తరంగాల్లో 3.7 నుంచి 3.98 గిగాహెర్ట్జ్ దాకా ఇక్కడ 5జీకి ఇచ్చేశారు. ఛానళ్ళు తగ్గాయి. కానీ డిష్ ఉంటే 1420 మెగాహెర్ట్జ్ దగ్గర పాలపుంతలోని హైడ్రోజన్‌ని వినొచ్చు. దానికీ మోటారు అక్కర్లేదు. 1937లో గ్రోట్ రీబర్ ఇల్లినాయిస్‌లోని వీటన్‌లో వాళ్ళ అమ్మ ఇంటి స్థలంలో 31 అడుగుల డిష్ కట్టాడు. అది పైకీ కిందికీ మాత్రమే కదిలేది. మిగతా తిప్పే పని భూమి చేసిపెట్టింది. అలాగే రేడియో ఆకాశానికి పటాలు గీశాడు.

గాలి విషయంలో మాత్రం జాగ్రత్త. గంటకు 60 మైళ్ళ గాలిలో పది అడుగుల రేకు డిష్ మీద 300 కిలోలకు పైగా బలం పడుతుంది. వల అయితే తక్కువ, కానీ ధైర్యం చేయకండి. నేను మొదట తాడుతో కట్టాను. ఒక రాత్రి తాడు తెగి డిష్ కంచెకి కొట్టుకుంది, అంచు ఇంకా వంకరగానే ఉంది. మరల కడ్డీ దానంతట అది వెనక్కి తిరగదు, అందుకే తాడు కంటే అదే మంచిది. భుజం నొప్పి ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు మోటారు పెట్టుకుంటే నేనేమీ అనను.

ఇంకో సంగతి. కాలనీ సంఘాలు టీవీ డిష్‌ని అడ్డుకోకూడదనే కేంద్ర నియమం అలాస్కా తప్ప మిగతా చోట్ల ఒక మీటరు లోపు వాటికే. పది అడుగులదానికి ముందే అనుమతి అడగండి. మా వీధిలో సంఘం లేదు, పక్కింటాయన మాత్రం ఉన్నారు. ఆయన్ని పిలిచి పిడి చేతికిచ్చాను. ఇప్పుడు ఆయనకీ "పది" దాకా వచ్చు.

చలికాలం లోపు కడ్డీకి గ్రీజు రాయాలి. గ్రీజుకి తెలుగు మాట ఉంటే చెప్పండి. నాన్న "గ్రీజే" అన్నారు.