‘ఇల్లు చూసుకుంటూనే...’ అనే మాట వెనుక

స్త్రీలకు స్వయం ఉపాధి శిక్షణ ఇస్తామంటూ పంచే కరపత్రాల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: ‘ఇల్లు, పిల్లల్ని చూసుకుంటూనే తీరిక వేళల్లో సంపాదించుకోండి.’ మట్టి నగలు, గింజల దండలు, కొబ్బరి చిప్పల లోలాకులు వంటి వాటి శిక్షణల్లో ఇది మరీ ఎక్కువ. పర్యావరణానికి మేలు, పెట్టుబడి తక్కువ, గడప దాటనక్కర్లేదు. ఇన్ని సుగుణాలున్న పనిని కాదనేదెవరు? నేనూ కాదనలేదు. ఆరేళ్లుగా మట్టి నగలు చేసి అమ్ముతున్నాను. ఇద్దరు పిల్లల తల్లిని. ఆ అనుభవంతోనే అంటున్నాను, ఆ వాక్యం మన శ్రమను మనకే కనిపించకుండా చేస్తోంది.

ముందు ‘తీరిక’ సంగతి చూద్దాం. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనికి ఆ పని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పని చేసే పురుషులు వెచ్చిస్తున్నది 88 నిమిషాలు. పిల్లల, వృద్ధుల సంరక్షణ ఇందులో కలవలేదు. ఇంతటి చాకిరీ తర్వాత మిగిలే తీరిక ఎక్కడుంది?

మట్టి మన తీరిక కోసం ఆగదు కూడా. జల్లించాలి, నానబెట్టాలి, లోపల గాలి బుడగ మిగలకుండా పిసకాలి. బుడగ మిగిలితే బట్టీలో నగ పగులుతుంది. చేసినవాటిని నీడన నెమ్మదిగా ఆరబెట్టాలి. సగం చేసిన బుట్టకమ్మను వదిలేసి అన్నం వడ్డించడానికి లేస్తే, వచ్చేసరికి అంచులు ఎండి బీటలు వారతాయి. ఆరబెట్టినవి పిల్లల చేతికి అందకూడదు. అందుకే అసలు పని వాళ్లు నిద్రపోయాక, రాత్రి పదింటికి మొదలవుతుంది. అదే వేళ ఫ్యాక్టరీలో పనిచేసే మగవాణ్ని అడగండి, తీరిక వేళ అనడు, నైట్ డ్యూటీ అంటాడు.

ఒకసారి నోటు పుస్తకంలో లెక్క రాశాను. ఒక జత కమ్మలు నూట యాభై రూపాయలకు అమ్మితే మట్టి, రంగు, కొక్కేలు, కాల్చిన ఖర్చు, పెట్టె కలిపి నలభై. స్టాలు వాళ్లకు ముప్పై. మిగిలింది ఎనభై. పిసకడం నుంచి రంగు వేయడం దాకా ఆ జతకు పట్టిన సమయం రెండున్నర గంటలు. అంటే గంటకు ముప్పై రెండు రూపాయలు. పగిలిపోయినవి, అమ్ముడుపోనివి, స్టాలు దగ్గర నిలబడిన రోజులు ఈ లెక్కలో లేవు.

ఆ ధరకే, ‘మట్టే కదమ్మా, నూట యాభయ్యా?’ అంటారు. అన్నవాళ్లే బంగారం కొట్టుకు వెళితే మజూరీ, తరుగు ఎంత వేశారో చూసి, నాలుగు మాటలు బేరమాడి, చివరికి కట్టి వస్తారు. బంగారానికి మజూరీ ఉంది. మట్టికి లేదు. ఎందుకు? బంగారం పనిని ఒక వృత్తిగా లోకం ఒప్పుకుంది. మన పనిని మాత్రం ఇల్లాలి కాలక్షేపం అనుకుంటోంది.

ఈ తప్పులో నా వాటా కూడా ఉంది. ఇంట్లో మరో జీతం వస్తుంది కనుక ‘చేతి ఖర్చుకు వస్తే చాలు’ అనుకుని ఏళ్ల తరబడి నేను తక్కువకు అమ్మాను. నా పక్క స్టాలులో అదే సరుకు పెట్టిన ఒంటరి స్త్రీకి అది అన్నం. నా ధర ఆమె ధరను కిందికి లాగింది. మధ్యతరగతి ఆడవాళ్ల సరదా వ్యాపారం పేద ఆడవాళ్ల కూలిని కోస్తుందన్న నిజం మనం సమావేశాల్లో మాట్లాడుకోం.

ఇక ‘పర్యావరణ హితం’ అన్న ముద్ర సంగతి. మట్టి నగల మీద మనలో చాలామందిమి వేసేది యాక్రిలిక్ రంగు. అది ప్లాస్టిక్కే. నేనూ అదే వేశాను, చీటీ మీద మాత్రం ‘ప్రకృతి సహజం’ అని రాశాను. చార్మినారు పక్కన లాడ్ బజారులో మెరిసే లక్క గాజుల్ని చూడండి. లక్క ఒక పురుగు స్రవించే జిగురు, నిజంగా ప్రకృతి ఇచ్చిందే. కానీ దాన్ని బొగ్గుల మీద కరిగించి, వేడి మీదే సాగదీసి, గుండ్రంగా వంచి, ఒక్కొక్క రాయీ అద్దాలి. పాతబస్తీ ఇరుకు గదుల్లో ఎందరో స్త్రీలు వంటకూ పిల్లలకూ మధ్య రాళ్లు అద్దుతున్నారు. కూలి గంటల లెక్కన రాదు, అద్దిన గాజుల లెక్కన వస్తుంది. 2024లో హైదరాబాదు లక్క గాజులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. గాజుకు వచ్చిన గుర్తింపు రాయి అద్దిన చేతికి ఎప్పుడు వస్తుంది? చెరువును కాపాడి ఆడదాని కళ్లనూ ఊపిరితిత్తులనూ ఖర్చు చేసే వస్తువు ఏ పర్యావరణానికి హితం?

‘మరి ఈ పని వద్దంటారా?’ అని అడుగుతారు. వద్దనను. నా కష్టంతో వచ్చిన డబ్బుతో నా కూతురి ఫీజు కట్టిన రోజు నాకు గుర్తుంది. ఎవరినీ అడగకుండా ఖర్చు పెట్టే వంద రూపాయల విలువ ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఆ విలువ తెలుసు కనుకే అడుగుతున్నాను, దాని కోసం నిద్రను ఎందుకు అమ్ముకోవాలి?

‘గడప దాటనక్కర్లేదు’ అన్నది అన్నిటికంటే ప్రమాదకరమైన మాట. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడింది ఎవరింట్లో వాళ్లు కూర్చుని కాదు. అక్షరాస్యతా తరగతుల్లో, ఆ తర్వాత పొదుపు సంఘాల్లో నలుగురూ ఒకచోట చేరాకే మన గొంతు లేచింది. ఇంట్లో ఒంటరిగా పనిచేసే ఆడమనిషికి పక్కింటి ఆడమనిషికి ఎంత కూలి వస్తుందో కూడా తెలియదు. అది దళారీకి ఎంత సౌకర్యం!

చట్టం సంగతీ అంతే. ఇంటి వద్ద పనిచేసే కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లోనే 177వ ఒడంబడిక తెచ్చింది. భారతదేశం దాన్ని నేటికీ ఆమోదించలేదు. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలకు పెరిగినప్పుడు మట్టి పిసికే, రాళ్లు అద్దే తల్లులకు ఒక్క రోజూ దక్కలేదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా స్మృతిలో ఇంటి వద్ద పనిచేసే కార్మికులు ఎవరో నిర్వచించారు. యజమాని కోసం సరుకు చేసేవారికే ఆ నిర్వచనం. పని పంచిన దళారీ తాను యజమానిని కానంటే ఆమె ఎవరిని నిలదీయాలి?

ప్రభుత్వాన్ని అడగవలసినవి అడుగుదాం. కానీ ఆ కరపత్రాలు అచ్చు వేయించేది సంస్థల్లో పనిచేసే మనమే. మనం వెంటనే చేయగలిగినవి ఉన్నాయి. రంగులద్దడం నేర్పే ముందు గంటల లెక్క రాయడం నేర్పుదాం. ధరల చీటీ మీద సరుకు ఖర్చు, మజూరీ విడివిడిగా రాయిద్దాం. ఒక గంట మజూరీకి కనీస ధర అందరం కలిసి నిర్ణయించి, ఎవరమూ అంతకు తగ్గకుండా కట్టుబడదాం. పొగ బయటికి పోయే ఉమ్మడి షెడ్డు, అందులో పిల్లల్ని చూసేందుకు జీతంతో ఒక మనిషి లేని ప్రాజెక్టుకు సంతకం పెట్టకుండా ఉందాం. శిక్షణ మొదటి రోజున భర్తల్నీ పిలిచి, ఇంటి పనిలో ఎవరు ఏది చేస్తారో వాళ్ల ముందే రాయిద్దాం. రానివాళ్ల ఇళ్లకు మనమే వెళదాం.

ఈసారి కరపత్రం అచ్చుకు వెళ్లేముందు, ‘ఇల్లు, పిల్లల్ని చూసుకుంటూనే’ అన్న మాట ఉంటే కొట్టేయండి. అది రాయాలనే పట్టుబడితే, మగవాళ్ల శిక్షణ కరపత్రంలోనూ రాయండి.