మేనరికము, జన్యుశాస్త్రము, మన బాధ్యత

తెలుగునాటికి దూరముగా తరతరములు కాపురముండి, భాషను, పండుగలను, పేరంటములను నిలుపుకొనివచ్చిన మనము, వానితోపాటు వివాహాచారమును గూడ నిలుపుకొనివచ్చితిమి. మదురయైనను, బళ్లారియైనను, బరంపురమైనను, షోలాపురమైనను, యానామైనను, పిల్లకు సంబంధము వెదకునపుడు మొదట మేనమామ యింటివైపు చూచుట మన వాడుక. మన సంఖ్య తక్కువ, బంధువులు దూరము, ఎరిగిన యింట పిల్లనిచ్చితిమన్న నిబ్బరము పెద్దలకు గొప్ప ధైర్యము. ఈ యాచారమును మేము పరిహసింపబోము. కాని జీవశాస్త్రము చెప్పుచున్న మాటను చెవినిడకుండుటకు మనవారు కల్పించుకొనుచున్న సాకులను మాత్రము ఖండింపక తప్పదు.

మొదటి సాకు "గోత్రములు వేరు గదా" యనునది. సగోత్ర వివాహమును నిషేధించి మన పూర్వులు జన్యుశాస్త్రమును ఏనాడో కనిపెట్టిరని సభలలో చప్పట్లు కొట్టించుకొనువారును కలరు. గోత్రము తండ్రివైపు మాత్రమే నడచును. జన్యువులు తల్లినుండి సగము, తండ్రినుండి సగము వచ్చును. మేనమామ, మేనకోడండ్రు దంపతులైనచో, వారి బిడ్డలో ఏదేని ఒక జన్యువుయొక్క రెండు ప్రతులును ఒకే పూర్వికునినుండి వచ్చు అవకాశము 8లో 1 వంతు. మేనత్త, మేనమామ బిడ్డలు దంపతులైనచో అది 16లో 1 వంతు. ఒక ప్రతి మాత్రమే చెడినపుడు దాగియుండు వ్యాధులనేకములు, రెండు ప్రతులును చెడినవైనపుడు బయటపడును. ఇరువది తరములకు పూర్వము విడిపోయిన సగోత్రీకులకు పెండ్లి కూడదనుట, తోడబుట్టినవారి బిడ్డలకు కూడుననుట! ఇందు జన్యుశాస్త్రమెక్కడ నున్నది? ఆచారమును ఆచారమనియే చెప్పుకొందము. దానికి శాస్త్రపు ముసుగు వేయవలదు.

రెండవ సాకు "మా తాతలు చేసికొనలేదా, మాకేమైనది?" యనునది. అపాయము కలదనిన అది ప్రతియింటను తప్పక జరుగునని యర్థము కాదు. రక్తసంబంధము లేని దంపతులకు పుట్టు బిడ్డలలో గూడ నూటికి రెండు మూడు మందికి తీవ్రమైన పుట్టులోపము కనబడును. మేనత్త, మేనమామ బిడ్డల సంతానములో అది సుమారు రెండింతలగును. అనగా పెక్కుమంది బిడ్డలు ఆరోగ్యముగానే పుట్టుదురు. అందువలననే ఈ సాకు నమ్మదగినదిగా తోచును. కాని బ్రతికి పెద్దవారైనవారే "మాకేమైనది" యని యడుగగలరు. ఉయ్యాలలోనే కన్నుమూసిన పసికందు తరఫున అడుగువారెవరు?

మూడవది సాకు గాదు, గర్వము: "మాది కల్తీలేని రక్తము" అనునది. ఈ గర్వమునకు జీవశాస్త్రమిచ్చిన సమాధానము చేదైనది. 2017లో ప్రకటితమైన ఒక పరిశోధనలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులును, విదేశ శాస్త్రజ్ఞులును కలిసి దక్షిణాసియాలోని 263 సముదాయములను పరిశీలించిరి. కొలదిమంది మూలపురుషుల సంతతి తమలో తామే వివాహమాడుటచేత కలుగు జన్యుప్రభావము, వానిలో 81 సముదాయములందు మిక్కిలి బలముగా నున్నట్లు తేలినది. ఆర్యవైశ్యులలో బ్యుటిరైల్‌కోలినెస్టరేస్ అను ఎంజైము కొరత ఇతరులలోకంటె సుమారు నూరురెట్లు ఎక్కువ. ఈ కొరత నిత్యజీవితమున బాధింపదు. కాని శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు సక్సినైల్‌కోలిన్ అను మందిచ్చినచో, కొన్ని నిమిషములలో పోవలసిన దాని ప్రభావము గంటలకొలది నిలిచి, రోగి తనంతట శ్వాస తీసికొనలేకపోవును. ముందుగా తెలిసిన వైద్యుడు వేరొక మందు వాడును, తెలియనిచో ప్రాణాపాయము. ఇది ఆ సముదాయమునకు కళంకము కాదు. ఏ కట్టడిలో ఏ లోపము దాగియున్నదో పరీక్షించిననే తెలియును.

సంఘము రక్తమును తీర్చును. రక్తమును గూర్చిన జ్ఞానము తిరిగి సంఘమును తీర్చవలెను. 1955 నాటి హిందూ వివాహ చట్టము నిషిద్ధ సంబంధములను పేర్కొనుచునే, ఆచారమున్నచోట మినహాయింపునిచ్చినది. కావున నిర్ణయము మన చేతిలోనే విడువబడినది. 1957లో ఈ దేశమునకు వచ్చి, 1964లో భువనేశ్వరమున కన్నుమూసిన జె.బి.యస్. హాల్డేన్, తన శిష్యుడు ద్రోణంరాజు కృష్ణను ఆంధ్రదేశపు మేనరికములను పరిశీలింప ప్రోత్సహించెను. తన దేహమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు ఒసగెను. అంతటి వాడు మన పెండ్లిండ్లను లెక్కింపదగిన విషయముగా నెంచినపుడు, మనమేల ముఖము త్రిప్పుకొనవలెను?

అయితే శాస్త్రము పేరిట జరుగు అన్యాయమును గూడ మేము సహింపము. 1883లో గాల్టన్ పేరుపెట్టిన సుజనన వాదము, 1927 నాటికి అమెరికా అత్యున్నత న్యాయస్థానము చేతనే నిర్బంధ వంధ్యీకరణమును సమర్థింపజేసినది. మన యిండ్లలో అదే క్రౌర్యము చిన్న రూపమున నున్నది: బిడ్డకు లోపము కలిగినచో కోడలిని నిందించుట. ఇట్టి దాగియుండు వ్యాధి పుట్టుటకు తల్లి, తండ్రి యిరువురును చెడిన ప్రతిని మోయవలెను. కోడలినొక్కతెను దూషించుట అధర్మమే గాక అబద్ధము గూడ.

మరి చేయవలసినదేమి? 1983లో న్యూయార్కునందలి యూదులు స్థాపించిన దోర్ యెషోరిమ్ అను సంస్థ యువతీయువకులకు ముందుగానే రక్తపరీక్ష జరిపి, పేరునకు బదులు సంఖ్య నిచ్చును. సంబంధము మాటలాడునపుడు ఇరువురును ఒకే లోపమును మోయుచున్నచో మాత్రమే హెచ్చరించును. ఎవరి గుట్టును బయటపెట్టదు. మన సంఘములు జాతకముల పట్టికలను అచ్చువేయించుచున్నవి. వధూవరుల పరిచయ సభలను జరుపుచున్నవి. ఆ సభలలోనే ఒక జన్యువైద్యునిచేత తెలుగున మాటలాడింపవలెను. మేనరికము నిశ్చయించుకొన్నవారిని వైద్యసలహాకు పంపవలెను. పరీక్షాఫలితమును గోప్యముగా నుంచుటకు కట్టుబడవలెను. కులము, ఊరు దాటి సంబంధము చేసికొన్న యువకులను వెలివేయుట మానవలెను.

భాషను కాపాడుకొనుటకు రక్తపు గోడలు అక్కరలేదు. భాషను బిడ్డలు మాటలాడవలెను. అందులకు ముందు ఆ బిడ్డలు ఆరోగ్యముగా బ్రతుకవలెను.