గుమ్మడి గింజలు పారెయ్యొద్దు, అలాగని అన్నీ వేయించెయ్యొద్దు

 

పోయిన వారం మేము వేయించిన గుమ్మడి గింజల ఫోటో ఒకటి ఇక్కడ పెట్టాం. దాని కింద ఒక అన్న, "జీవో నంబర్ 3 పోయి ఉద్యోగాల్లేక మనం ఏడుస్తుంటే మీకు గింజలు కావాల్సొచ్చాయా" అని రాశారు. అన్నకి కోపం రావడంలో తప్పు లేదు. 2020లో సుప్రీంకోర్టు ఆ జీవో కొట్టేసిన తర్వాత, టీచర్ అవుదామని చదివిన అక్కలు మా ఊళ్లలో కూడా ఇళ్ల దగ్గరే ఉన్నారు. ఆ మాటకి జవాబు రెండు లైన్లలో సరిపోదు, అందుకే పెద్ద పోస్టు రాస్తున్నాం. ఓపిగ్గా చదవండి.

మేము అంటే ఏజెన్సీ నుంచి విశాఖ వచ్చి హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్న ఐదుగురు అమ్మాయిలం. మా ఐదు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు.

దసరా సెలవల ముందు రక్త పరీక్షల క్యాంపు పెట్టారు. మా రూములో నలుగురికి హిమోగ్లోబిన్ 10 లోపే వచ్చింది. ఆడపిల్లలకి 12 ఉండాలట. నర్సు మేడమ్ ఐరన్ బిళ్లలు ఇచ్చి, ఆకుకూరలు, పల్లీలు, గుమ్మడి గింజలు తినమని చెప్పారు. మాలో ఒకమ్మాయి ఆ సాయంత్రమే షాపుకెళ్లి పావుకిలో ప్యాకెట్ కొనుక్కొచ్చింది. రెండొందలు దాటింది, నలుగురం తలా కొంచెం వేసుకున్నాం. ఆ రాత్రి మెస్‌లో గుమ్మడికాయ పులుసు. ప్లేటు కడగడానికి వెళ్తే గిన్నెలు తోమే చోట బకెట్ నిండా గుమ్మడి పీచు, గింజలు. పొద్దున్నే చెత్త బండికి వెళ్లిపోయేవి. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నవ్వొచ్చింది, తర్వాత సిగ్గేసింది.

ఎందుకు సిగ్గు అంటే, మా ఇళ్లలో ఈ గింజలు ఎప్పుడూ పారెయ్యలేదు. కొండపోడులో చోళ్లు, సామలు, కందుల మధ్య గుమ్మడి పాదు పాకుతుంది. వానలు వెనకపట్టాక కాయలు దించి అటక మీద పెడితే నెలల తరబడి నిలవుంటాయి. కాయ కోసిన రోజు అమ్మ గింజల్ని చేటలో ఆరబెట్టేది. చిన్నప్పుడు అవి జేబులో పోసుకుని పశువుల వెనక తిరిగినవాళ్లమే. తర్వాత ఆశ్రమ పాఠశాలకి వెళ్లాం, కుర్‌కురే ప్యాకెట్ చూశాం, ఇంటి నుంచి వచ్చిన గింజల మూట పెట్టె అడుగున దాచేశాం. ఎవరో వెక్కిరించారని కాదు. వెక్కిరిస్తారేమోనని. చోడి అంబలికి కూడా అలాగే చేశాం. ఇప్పుడు అదే రాగి జావ అని సీసాల్లో అమ్ముతున్నారు.

సరే, వేయించిన సంగతి చెప్తాం. వంట అక్కని అడిగితే, "మీరే కడుక్కుంటే తీసుకోండమ్మా" అంది. మొదటిసారి పూర్తిగా చెడగొట్టాం. తడి గింజలు పెద్ద మంట మీద వేసేశాం. పైపొట్టు నల్లగా మాడింది, లోపల పప్పు పచ్చిగా, మెత్తగా ఉండిపోయింది. రెండోసారి సగం ఆరినవి పాలిథిన్ కవర్లో కట్టి పెట్టాం, నాలుగు రోజులకి బూజు పట్టింది. బూజు పట్టినవి కడిగి వేయించినా తినకూడదు, పారెయ్యాల్సిందే. ఆఖరికి ఒకమ్మాయి వాళ్ల అమ్మకి ఫోన్ చేసింది. "చదువుకున్నోళ్లు కదా, ఎండబెట్టాలని తెలీదా" అని ఆవిడ ఒకటే నవ్వు.

ఆవిడ చెప్పింది ఇది. కాయ బాగా ముదిరినదై ఉండాలి, తొక్క మీద గోరు దిగకూడదు. లేతకాయలో గింజ ఉంటుంది గానీ లోపల పప్పుండదు. పీచుతో సహా గింజలు తీసి నీళ్లలో వేసి చేత్తో పిసికితే పీచు విడిపోతుంది. ఆ జిగురు పోవాలంటే ఊళ్లో పొయ్యి బూడిద రాసి కడుగుతారు. హాస్టల్లో బూడిద ఎక్కడిది, మేము కళ్లుప్పుతో రుద్దాం, పోయింది. ఉప్పు లోపలికి పట్టాలంటే ఉప్పునీళ్లలో పది నిమిషాలు ఉడకబెట్టి వార్చాలి. తర్వాత చేటలోగానీ గుడ్డ మీదగానీ పలచగా పరిచి, మధ్యలో తిప్పుతూ రెండు మూడు రోజులు ఎండలో పెట్టాలి. పేపరు మీద మాత్రం వద్దు, అతుక్కుపోయి అక్షరాలతో సహా వస్తాయి. గింజని వంచితే పుటుక్కున విరిగిందంటే ఎండినట్టు.

వేయించేది మందపాటి మూకుట్లో, సన్న మంట మీద, చెయ్యి ఆపకుండా. రూముల్లో కరెంటు స్టవ్ పెట్టనివ్వరు కాబట్టి వంటయ్యాక అక్క స్టవ్ మీదే చేసుకుంటున్నాం. ఎనిమిది, పది నిమిషాలకి టప్ టప్‌మని పేలతాయి. ఒక గింజ ఒలిచి చూస్తే పప్పు లేత బంగారు రంగులో కనిపిస్తుంది, అప్పుడే దించెయ్యాలి. దించాక కూడా మూకుడు వేడికి ఇంకా వేగుతాయి. నాలుగు చుక్కల నూనె, కారం దించిన తర్వాతే కలపాలి. మంట మీద కారం వేస్తే ఏమవుతుందో మా ఫ్లోరంతా దగ్గి తెలుసుకుంది. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పొయ్యాలి. ఈ గింజల్లో దాదాపు సగం నూనే, ఎక్కువ రోజులుంచితే వాసనొస్తాయి. కాబట్టి కొంచెం కొంచెం వేయించుకోవడమే మంచిది. ఇంకోటి, కాయ చేదుగా ఉంటే కూరా వద్దు, గింజలూ వద్దు.

ఇక్కడ ఒక జాగ్రత్త. గుమ్మడి గింజలతో షుగర్ పోతుంది, రక్తం పట్టేస్తుంది అని మెసేజులు తిరుగుతున్నాయి. లెక్క చూద్దాం. 100 గ్రాముల ఒలిచిన పప్పులో ఇంచుమించు 30 గ్రాముల ప్రోటీన్, 8 నుంచి 9 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటాయి. పల్లీల్లో కంటే ఐరన్ ఎక్కువే. అయితే రోజూ మనం తినేది గుప్పెడు, అంటే 30 గ్రాములు. దాంట్లో వచ్చే ఐరన్ మూడు మిల్లీగ్రాములు కూడా ఉండదు. ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్తోంది. గింజల్లో ఉన్న ఐరన్ కూడా ఒంటికి మొత్తం పట్టదు, నిమ్మకాయో ఉసిరికాయో తోడుంటే కొంచెం మేలు. అందుకని బిళ్లలు మానేసి గింజలు తింటాం అనొద్దు చెల్లెళ్లూ. బిళ్లలు మింగుతూనే తినండి. మేము అదే చేస్తున్నాం.

మరి ఇంత రాయడం ఎందుకంటారా? జీవో కోసం ధర్నాకి వెళ్లిన రోజు మాలో ఒకమ్మాయి ఎండకి కళ్లు తిరిగి పడిపోయింది. 9.2 ఉన్న పిల్ల అది. ఉద్యోగం, తిండి వేరువేరు సంగతులని అప్పటి నుంచీ మాకు అనిపించట్లేదు అన్నా.

ఫోటో కింద ఇంకొందరు, "దీన్ని బ్రాండ్ చేద్దాం, వన్ ధన్ కేంద్రంలో ప్యాకింగ్ పెడదాం" అని రాశారు. మంచిదే గానీ మాకు తొందర లేదు. ఒక పెద్ద కాయలో గింజలు ఎండాక రెండు మూడు గుప్పిళ్లు వస్తాయి. పొట్టు తీస్తే ఇంకా తగ్గుతాయి. కిలో పప్పు కావాలంటే ఎన్ని కాయలు కొయ్యాలో, ఆ కాయల గుజ్జు ఎవరు తింటారో ముందు ఆలోచించాలి. షాపు ప్యాకెట్లో ఉండే పచ్చటి పప్పు మిషన్ల మీద ఒలిచింది, లేదంటే పొట్టు లేకుండా కాసే వేరే రకం. మన గింజ తెల్లటి పొట్టుది, పంటితో ఒలుచుకు తినాలి. ముందు మనం తిందాం. సంతలో కాయ 30, 40 రూపాయలకి ఇచ్చేసి, గింజలు ప్యాకెట్లో కొనుక్కునే పని మానేద్దాం. హాస్టళ్లలో ఉన్నవాళ్లు గుమ్మడి వండిన రోజు గింజలు పక్కన పెట్టమని అడగండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక బేసిన్ ఉంటే చాలు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నాం. విత్తనాల షాపులో కొన్న ప్యాకెట్ గింజలు ఎప్పుడూ తినొద్దు. గులాబీ రంగో, నీలం రంగో ఉంటాయి, అది పురుగు పట్టకుండా, కుళ్లకుండా పూసిన మందు. మన ఊళ్లలోకి కూడా ఆ హైబ్రిడ్ వచ్చేసింది. దాని కాయ గింజలు మళ్లీ నాటితే అదే రకం కాయ వస్తుందన్న నమ్మకం లేదు, ఏటా కొనాల్సిందే. ఇంటి విత్తనం పోయిందంటే మనం చందాలేసుకుని తెచ్చుకోగలిగింది కాదు. ఇటుకల పండగకి ఇంటింటి నుంచి విత్తనాలు తెచ్చి పూజ చేస్తాం కదా. మా ఊళ్లో మొన్న ఆ బుట్టలో గుమ్మడి గింజ రెండిళ్ల నుంచే వచ్చిందట.

అందుకే సంక్రాంతి సెలవలకి ఇళ్లకి వెళ్లినప్పుడు మేము ఒక నోటుబుక్కు పట్టుకెళ్తున్నాం. ఎవరింట్లో ఏ రకం గుమ్మడి ఉంది, చారలదా, గుండ్రందా, మెడ పొడుగుదా, ఎన్నాళ్లు నిలవుంటుంది, ఎవరి దగ్గర్నుంచి వచ్చింది, ఇవన్నీ రాసుకొస్తాం. మీ ఊళ్లవి కూడా కింద రాయండి, ఫోటో పెట్టండి. గింజలు మార్చుకుందాం.

మాలో ఒకమ్మాయి అమ్మమ్మ దగ్గర పొయ్యి పైన పొగ తగిలేలా వేలాడదీసిన అనపబుర్ర ఒకటి ఉంది. మొదట కాసిన పెద్ద కాయ గింజలు బూడిదలో కలిపి దాంట్లో దాస్తుంది. పోయిన నెల ఈ పిల్ల వేయించుకుందామని దానికోసం చెయ్యి చాపితే చేతి మీద ఒక్కటేసి, చేటలోవి చూపించి, "తినేవి అవే, ఇవి కావు" అందట.