పెన్‌డ్రైవు పోయినను పోని గుర్తు

లినక్సు నడచు కంప్యూటరునుండి పెన్‌డ్రైవును లాగివేసిన తరువాత గూడ దాని గుర్తు తెరపై నిలిచియుండుట కొందరు విద్యార్థులు చూచియే యుందురు. నొక్కిన తెరువబడదు; పొమ్మన్న పోదు. దీనికి పెద్దలును పిన్నలును చెప్పు మందు ఒక్కటే: కంప్యూటరు నార్పి మరల వెలిగింపుమందురు. గుర్తు మాయమగును, బాధ తీరినదని తలంతురు. ఈ మందు నాకు సమ్మతము గాదు. ఆ గుర్తు ఒక సంగతి చెప్పుటకు నిలిచియున్నది. దానిని వినక తుడిచివేసినచో నష్టపోవునది విద్యార్థి శ్రమపడి వ్రాసిన పని.

లినక్సు మూలభాగమును 1991వ సంవత్సరమున ఫిన్లండు దేశములో లైనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ఆరంభించెను. అది తనకు తగిలిన ప్రతి డ్రైవునకును ఒక పట్టీలో పేరు వ్రాసికొనును. దీనినే మౌంటు అందురు. మీడియా అను ఫోల్డరులో, వాడుకరి పేరిట, ఆ డ్రైవునకొక చిన్న ఫోల్డరు గూడ ఏర్పడును. తెరపై గుర్తు ఈ వ్రాతల ననుసరించి కనబడునదే గాని డ్రైవును కన్నులతో చూచి వేసినది కాదు. బాలుడు బడి మానినను హాజరుపట్టీలో పేరు కొట్టివేయనంత కాలము ఉపాధ్యాయుడు పిలుచుచునే యుండును గదా! ఇదియు నట్టిదే.

పేరు కొట్టివేయబడకుండుటకు హేతువేమి? తరచుగా, ఏదో యొక ప్రోగ్రాము ఆ డ్రైవులోని పత్రమును ఇంకను పట్టుకొనియుండును. విద్యార్థిని తన ప్రాజెక్టును లిబ్రే ఆఫీసులో తెరచి, సగము దిద్ది, గంట కొట్టగనే డ్రైవును లాగికొని వెడలినదనుకొందము. దిద్దిన భాగము డ్రైవులో లేదు. తెరచియున్న కిటికీలో మాత్రమే యున్నది. అప్పుడు కంప్యూటరు నార్పినచో ఆ భాగము పోయినట్లే. ఆర్పకముందు ఆ పత్రమును కంప్యూటరులోనే వేరొక చోట భద్రపరచినచో దక్కును. ఆర్పవద్దని నేను పట్టుబట్టుట ఇందుకే.

మరియొక ముచ్చట. కాపీ ముగిసినదని తెర చెప్పినను అక్షరములన్నియు డ్రైవును చేరెనని నమ్మరాదు. లినక్సు వానిని ముందు తన మెమరీలో నుంచుకొని తరువాత తీరికగా వ్రాయును. సామాన్యపు అమరికలో ఈ జాగు 30 సెకనులవరకు నుండవచ్చును. పెద్ద ఫైలు, మందకొడి డ్రైవు అయినచో ఇంకను ఎక్కువ. ‘ఎజెక్టు’ నొక్కినచో మిగిలినదంతయు వ్రాసి, ఆపై పట్టీలో పేరు కొట్టివేయును. కావున గుర్తు మిగిలియున్నచో కాపీ అరకొరగా నున్నదేమోయని శంకింపవలెను. కంప్యూటరులోని మూలప్రతిని అంతవరకు చెరుపరాదు. మాచెర్లకో గురజాలకో బస్సెక్కి, జిరాక్సు కొట్టులో డ్రైవు పెట్టి చూచి, ఖాళీ పుటలు కనుగొనుటకంటె ఇది మేలు.

ఇక పరీక్షించు విధము. టెర్మినలు తెరచి ఎల్‌ఎస్‌బీఎల్‌కే అని వ్రాసిన నిజముగా తగిలియున్న డ్రైవులు తెలియును. ఫైండ్‌ఎంఎన్‌టీ అని వ్రాసిన పట్టీలోని పేర్లు తెలియును. పట్టీలో నుండి చేతిలో లేనిది దొరికినచో, ఎల్‌ఎస్‌ఓఎఫ్ ఆ చోటును పట్టుకొన్న ప్రోగ్రామును చూపును. దానిని మూసి యుమౌంట్ చేయవలెను. బలవంతముగా విడిపించు ఉపాయమును గలదు. అది పేరును వెంటనే మరుగుపరచి, పనిని వెనుకకు నెట్టును. తుదకు తప్పనప్పుడు తప్ప దానిని వాడుట నాకిష్టము లేదు.

పట్టీలో పేరు లేక, మీడియాలో ఫోల్డరు మాత్రము మిగిలియుండుటయు గలదు. అందుచేతనే అదే డ్రైవును మరల పెట్టినచో పేరు చివర 1 అను అంకె చేరును. ఈ ఫోల్డరును తీయుటకు ఆర్‌ఎండీఐఆర్ అను ఆజ్ఞనే వాడవలెను. అది ఖాళీ ఫోల్డరును మాత్రమే తీయును. లోపల నేదైన నున్నచో కదలదు. లోపలివానితో సహా చెరపు ఆజ్ఞను తొందరపడి వాడితిమా, ఆ క్షణమున అచట నిజమైన డ్రైవే తగిలియున్నచో దానిలోని సమస్తమును పోవును. ఒక్క బొమ్మను తీయబోయి ఏడాది పని పోగొట్టుకొనుట ఏమి తెలివి?

ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అను ఫైలునందలి పాత పంక్తి మరియొక కారణము. డెబియన్ లినక్సును పెన్‌డ్రైవునుండి స్థాపించినప్పుడు ఆ డ్రైవు పంక్తి అందు మిగిలిపోవుట కలదు. ఎవరైన తమ డ్రైవును ఎల్లప్పుడు తగిలియుండునట్లు అందు వ్రాసి మరచినచో, కంప్యూటరు వెలుగునప్పుడు లేనిదానికై 90 సెకనులు ఎదురుచూచి, ఒక్కొక్కప్పుడు వెలుగకయే నిలిచిపోవును. ఆ పంక్తిని చెరుపక, ముందొక హ్యాష్ గుర్తు పెట్టిన చాలును. ప్రక్కపట్టీలోని బుక్‌మార్కు మాత్రము నిరపాయము. 2022వ సంవత్సరము ఏప్రిలు 4వ తేదీన పల్నాడు జిల్లా ఏర్పడినను మన పాత సర్టిఫికెట్లపై గుంటూరు జిల్లాయని నిలిచియున్నట్టిదే అది.

ఇవన్నియు బాలుర కెందుకు, మెకానిక్కును పిలిచిన సరిపోదా యని కొందరనవచ్చును. పరీక్షలో రాదనియు ననవచ్చును. కేరళ పాఠశాలలు ఏండ్లుగా లినక్సుతోనే బోధించుచున్నవి. తెలుగులో వాడుకొనుటకు హైదరాబాదునందలి స్వేచ్ఛ సంస్థ తన లినక్సును సిద్ధపరచినది. సీడాక్ వారి బాస్ లినక్సును గలదు. లోపలి పట్టీలను విప్పి చూపు వ్యవస్థను తెచ్చి పెట్టుకొని, దానిని చూడవద్దని పిల్లలకు చెప్పుట వింతగా లేదా? ఎనిమిదవ తరగతివారికి ఒక్క పీరియడు, ఒక పాత పెన్‌డ్రైవు చాలును. దానిలో ముఖ్యమైనదేదియు లేకుండ చూచి, కావలెననియే లాగివేయించి, ఆ గుర్తు ఏల మిగిలెనో వారినే వెదకనిండు.