రాగి గనుల రాగం

లోకంలో మరపు రెండు రకాలు. సరుకు మంచిది కాక మరుగున పడేది ఒకటి. సరుకు మంచిదే అయినా, జ్ఞాపకం పెట్టుకోవలసినవాళ్ళు లేక మరుగున పడేది రెండవది. మొదటిదాన్ని గురించి ఎవరూ విచారించనక్కరలేదు. ఈ వారం నాలుగు మాటలూ రెండవదాన్ని గురించి.

తెలుగు పాఠం చెప్పుకు బతికే మావంటి వాళ్ళకు ఈ రెండో రకం బాగా పరిచయం. పెదపాటి జగ్గన్న అనే ఆయన పూర్వం 'ప్రబంధ రత్నాకరం' అని ఒక సంకలనం చేశాడు. తన మనసుకు నచ్చిన పద్యాలన్నీ ఏరి కూర్చాడు. అందులో కొందరు కవులు ఆ పద్యాల్లో తప్ప మరెక్కడా కనిపించరు. కావ్యం పోయింది, ఊరు పోయింది, వంశం పోయింది. పద్యమూ పేరూ మిగిలాయి. నన్నెచోడుడి కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవిగారు తాటాకుల్లోంచి బయటికి తీసి 1909లో అచ్చువేసేదాకా, ఆ కవిని తలుచుకున్నవాడు ఎవడు?

అయితే, ఒక కావ్యం పోవడానికి అయిదారు వందల ఏళ్ళు పడుతుందనీ, ఇప్పుడు గ్రామఫోను ప్లేట్లూ టేపులూ వచ్చాయి గనుక ఆ భయం లేదనీ అనుకునేవాళ్ళున్నారు. వాళ్ళు ఒక్కసారి ఆఫ్రికా ఖండంలోని జాంబియా దేశం కథ వినాలి. అక్కడ ఒక సంగీతం పుట్టి, ఊరూరా మోగి, చప్పుడు లేకుండా పోవడానికి పట్టుమని ఇరవై ఏళ్ళు పట్టలేదు.

జాంబియా 1964 అక్టోబరు 24న స్వతంత్రమైంది. అంతకుముందు దాని పేరు ఉత్తర రొడీషియా. ఆ దేశానికి అన్నం పెట్టేది రాగి. కిట్వే, చింగోలా, ముఫులీరా, ఎన్డోలా, ఈ ఊళ్ళన్నీ రాగి గనుల చుట్టూ పెరిగినవే. గనుల్లో పనిచేసేవాడికి నెల తిరిగేసరికి జీతం చేతికొస్తుంది. జీతమున్న చోట శనివారం సాయంత్రానికి వినోదం కావాలి గదా! గనులతోపాటు తెల్లదొరలూ, దొరలతోపాటు వాళ్ళ గ్రామఫోను రికార్డులూ వచ్చాయి. రోలింగ్ స్టోన్స్, జిమీ హెండ్రిక్స్, జేమ్స్ బ్రౌన్ - వీళ్ళ పాటలు విన్న కుర్రవాళ్ళు గిటార్లు పట్టారు. పట్టి, మొదట వాళ్ళను అనుకరించారు. త్వరలోనే అనుకరణ చాలించి తమ ఊరి డప్పుల నడకను అందులో కలిపారు. గిటారు నాదాన్ని కరెంటు యంత్రం గుండా పంపి, తీగ మీటినట్టు కాక రంపంతో దూలాన్ని కోసినట్టు పలికించారు. అదే జామ్‌రాక్.

ఆ దేశాధ్యక్షుడు కెన్నెత్ కౌండా కూడా గిటారు వాయిస్తూ పాడే మనిషే. రేడియోలో వేసే సంగీతంలో నూటికి 95 పాళ్ళు స్వదేశానిదే కావాలని ఆయన ఉత్తరువు వేశాడు. శాసనంతో సంగీతం పుడుతుందా అని మీరడగవచ్చు. పుట్టదు. కాని, పుట్టిన సంగీతానికి చెవులు దొరుకుతాయి. ఆ మేలు జరిగింది.

ఈ బృందాల్లో పేరు మోసినది 'విచ్'. మంత్రగత్తె అని అర్థం చెప్పుకోవచ్చుగాని, అది పొడి అక్షరాల పేరు. 'వుయ్ ఇంటెండ్ టు కాజ్ హావక్' అనే మాటల్లోని మొదటి అక్షరాలు కూర్చారు. 'అల్లరి చెయ్యడానికే బయల్దేరాం' అని తాత్పర్యం. చెప్పినమాట నిలబెట్టుకున్నారు కూడా. సాయంత్రం ఏడింటికి మొదలుపెడితే రాత్రి రెండింటిదాకా దిగేవారు కారట! 1970 దశకం తొలి ఏళ్ళలో 'ఇంట్రడక్షన్', 'ఇన్ ది పాస్ట్', 1975లో 'లేజీ బోన్స్' అనే రికార్డులిచ్చారు. 'అమనాజ్' అనే మరో బృందం 1975లో 'ఆఫ్రికా' అని ఒక రికార్డు చేసింది. విక్టోరియా జలపాతానికి అక్కడివాళ్ళు పెట్టుకున్న పేరు 'ఉరిమే పొగ' అనే అర్థం వచ్చే మాట. ఆ పేరే పెట్టుకుంది 'ముసి ఓ టున్యా' బృందం. పాల్ ఎన్గోజీ అనే ఆయన పళ్ళతో గిటారు మీటి జనాన్ని నివ్వెరపరిచేవాడు. పళ్ళ విద్య సంగతెలా ఉన్నా, పేదవాడి ఇంటి గోడు పాటకెత్తిన మనిషి ఆయన.

మా క్లాసులో ఒకసారి ఈ ప్రస్తావన తెస్తే, వెనకబెంచీ కుర్రవాడొకడు లేచి, "మాస్టారూ! మీ పద్యాలకూ ఆ రాక్ సంగీతానికీ ఏమిటండీ సంబంధం?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వి, ఒక సంబంధం చూపించాను. విచ్ బృందంలో ప్రధాన గాయకుడు ఇమ్మాన్యుయేల్ చాందా. ఇంగ్లండు గాయకుడు మిక్ జాగర్‌లాగా గంతులు వేసేవాడని జనం ఆయనకు ఆ పేరే పెట్టారు. పెట్టి, 'జాగర్' అని ఊరుకోలేదు, 'జగారి' అన్నారు. ఎందుకు? వాళ్ళ బెంబా భాషలో మాట అచ్చుతో ముగియాలి. మనం కార్‌ను కారు చేసుకోలేదూ, బస్‌ను బస్సు చేసుకోలేదూ? మనదీ అజంత భాషే, వాళ్ళదీ అజంత భాషే. ఎంత దూరపు సరుకైనా సరే, మన గుమ్మంలోకి వచ్చేముందు కాళ్ళు కడుక్కుని రావలసిందే! కుర్రవాడు కూచున్నాడు. ఆ వారం వాళ్ళంతా జగారి పాటలు వెతుక్కుని విన్నారని తరవాత తెలిసింది.

ఇక, ఈ సంగీతం ఎందుకు పోయిందో చెప్పాలి. పాట బాగులేక కాదు. 1974లో ఆకాశాన్నంటిన రాగి ధర మరుసటి ఏటికి సగం కూడా లేకుండా పోయింది. గనివాడి జేబు చిక్కిపోతే గాయకుడి కడుపు మాడుతుంది. చుట్టుపక్కల దేశాల్లో విముక్తి పోరాటాలు జరుగుతుంటే జాంబియా ఆ పోరాటవీరులకు ఆశ్రయమిచ్చింది. దానికి ఫలితంగా సరిహద్దు అవతలనుంచి దాడులు, రాత్రిపూట దీపాలార్పడాలు, కర్ఫ్యూలు. రాత్రి రెండింటిదాకా సాగే కచేరీకి ఇక తావెక్కడ? కొన్నాళ్ళకు డిస్కో వచ్చింది; పదిమంది వాయించే చోట ఒకడు కూచుని రికార్డులు తిప్పితే సరిపోయింది. దొంగ కేసెట్లు వచ్చాయి. పాట అమ్ముడవుతుంది గాని పాడినవాడికి పైసా అందదు. అన్నిటికీ మించి ఎయిడ్స్ మహమ్మారి వచ్చి, ఆ గాయకుల్లో, వాద్యగాళ్ళలో చాలామందిని పట్టుకుపోయింది. విచ్ అంటే జనం చెప్పుకునే ఆ అయిదుగురిలో చివరికి మిగిలింది జగారి ఒక్కడే.

ఆయన పాట చాలించి కొన్నాళ్ళు పంతులుగా పనిచేశాడు. తరవాత రంగురాళ్ళ కోసం గని తవ్వుకుంటూ బతికాడు. ఇక్కడే నాకు మనసు కలుక్కుమంటుంది. ఆయన నేల తవ్వుకుంటున్న రోజుల్లోనే, ఆయన పాడిన పాత రికార్డులను అమెరికాలోనూ ఐరోపాలోనూ సేకరణ పిచ్చివాళ్ళు వందలకొద్దీ డాలర్లు పోసి కొనుక్కుంటున్నారు! చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే గాని, ఇక్కడ చెట్టు ఇంకా బతికే ఉంది. దానికి చెంబెడు నీళ్ళు పోసే నాథుడు లేడు.

కాని, కథ అక్కడ ఆగలేదు. లాస్ ఏంజెలెస్‌లో 'నౌ ఎగైన్' అనే రికార్డుల సంస్థవారు 2012లో విచ్ పాటలను ఒక పెట్టెగా కూర్చి మళ్ళీ విడుదల చేశారు. దాంతో జగారికి విదేశాలనుంచి పిలుపులు వచ్చాయి. 2019లో ఆయన మీద ఒక డాక్యుమెంటరీ చిత్రం వచ్చింది. 2023లో, డెబ్భై దాటిన వయసులో, కొత్త కుర్రవాళ్ళను చేర్చుకుని 'జాంగో' అనే కొత్త రికార్డు చేశాడు.

పాల్ ఎన్గోజీకి ఆ భాగ్యం లేదు. ఆయన 1989లోనే పోయాడు. 2024లో టైలర్ ది క్రియేటర్ అనే అమెరికన్ గాయకుడు తన 'నాయిడ్' అనే పాటలో ఎన్గోజీ బృందం పాట ముక్క ఒకటి వాడుకున్నాడు. దేశదేశాల పిల్లలు ఆ గొంతు విన్నారు. అది ఎవరి గొంతని అడిగినవాళ్ళు ఎందరు?

జగ్గన్నగారి గొప్పతనం నాకు ఇక్కడ కనిపిస్తుంది. ఆయన పద్యాన్ని దాచి ఊరుకోలేదు. ఇది ఫలానా కవిది, ఫలానా కావ్యంలోది అని పక్కన వ్రాశాడు. ఆ ఒక్క పంక్తి లేకపోతే ఆ పద్యాలు ఈనాటికి అనాథలయ్యేవి. పాట మిగలడం సగం మేలు; పాడినవాడి పేరు మిగలడం తక్కిన సగం.

ఇందుకు పెద్ద సంస్థలే పూనుకోవాలని లేదు. మీ ఇంట్లో అమ్మమ్మగారు మంగళహారతి పాడుతుంటే పిల్లలు ఫోనులో పట్టుకుంటారు. పట్టుకోనివ్వండి, చాలా మంచిది. కాని, పాట మొదలయ్యేముందు ఆవిడ పేరూ, ఊరూ, ఏ సంవత్సరమో ఆవిడ నోటనే చెప్పించండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా అడగండి. అర నిమిషం పని. ఆ నేర్పినావిడ పేరు ఆ ఇంట్లో పలికి ఎన్నాళ్ళయిందో మరి!