హోమ్ రన్ల లెక్క

మన పాఠశాలలో బేస్‌బాల్ ఆడువారు లేరు. అయినను గడచిన సంవత్సరమున తొమ్మిదవ తరగతి బాలుఁ డొకఁడు, "మాస్టరుగారూ, హోమ్ రన్లు కొట్టుటలో అందఱికంటె గొప్పవాఁ డెవరు?" అని నన్నడిగెను. ఒక్క పేరు చెప్పి యూరకుండవచ్చును. కాని నాకుఁ దోఁచిన సమాధానము కొంచెము పొడవైనది. దానికి తరగతి గంట చాలలేదు. కావున నిచట వ్రాయుచున్నాను.

ఆట నెఱుఁగనివారికై రెండు మాటలు. బ్యాటు పట్టినవాఁడు బంతిని హద్దుగీతల నడుమ కంచె మీఁదుగా దాటఁగొట్టినచో దానిని హోమ్ రన్ అందురు. అతఁడు మూఁడు బేసులను జుట్టి, బయలుదేఱిన చోటికి నిమ్మళముగా రావచ్చును. మన క్రికెట్టులోని సిక్సరునకు ఇది దగ్గఱి చుట్టము. ఏఁటికి నలువది కొట్టినవాఁడు మేటి యనిపించుకొనును. అట్టివాఁడును ఏడు వందలు చేరవలెనన్న పదునేడేండ్లకు పైగా అదే మేటితనమును నిలుపుకొనవలెను. అమెరికాలోని మేజర్ లీగులలో ఆ గడప దాటినవారు నలుగురే: బారీ బాండ్స్ 762, హ్యాంక్ ఆరన్ 755, బేబ్ రూత్ 714, ఆల్బర్ట్ పూహోల్స్ 703.

రూత్ 1935లో ఆట చాలించెను. నాఁటినుండి 714 అను నంకె అమెరికనులకు బేస్‌బాల్ యొక్క కొండశిఖరమువలె నుండెను. 1973వ సంవత్సరపు ఆటలు ముగియునప్పటికి ఆరన్ లెక్క 713. ఇంక రెండు చాలును. కాని శీతకాలమంతయు వేచియుండవలెను. ఆ సంవత్సరమున ఆయనకు వచ్చిన యుత్తరములు తొమ్మిది లక్షలకు పైబడినవని తపాలాశాఖవారు లెక్కించిరి. మెచ్చుకొనుచు వ్రాసినవారు పెక్కుమంది. కాని నల్లజాతివాఁడు రూత్ లెక్కను దాటరాదనియు, దాటినచోఁ బ్రాణములు దక్కవనియు వ్రాసినవారును తక్కువవారు కారు. ఆయన కంగరక్షకుని నియమింపవలసివచ్చెను. 1974 ఏప్రిల్ 4వ తేదీని సిన్సినాటిలో 714వది, 8వ తేదీని అట్లాంటాలో 715వది కొట్టెను. ఆయన తల్లి మైదానములోనికి వచ్చి కుమారుని గట్టిగాఁ గౌఁగిలించుకొనెను.

ఒక అంకె కొఱకు దేశమంతయు కన్నులప్పగించి చూచుట నాకు తప్పుగాఁ దోఁపదు. లెక్క లేనిదే యోర్పు కనఁబడదు. ఆరన్ ఏ యేఁడును ఏఁబది కొట్టలేదు. 1971లో కొట్టిన 47 ఆయనకు అన్నింటికంటె హెచ్చు. ఇరువదిమూఁడేండ్లు ఆడి 755 కూర్చెను. ఆ హోమ్ రన్లన్నియు తీసివేసినను ఆయనకు మూఁడువేలకు పైగా హిట్లు మిగులును. ఇదియు నొక లెక్కయే. కాని దీనిని చెప్పుకొనువారు తక్కువ.

చిక్కు వచ్చునది గుండ్రని యంకెల యొద్ద. ఫ్రెడ్ మెక్‌గ్రిఫ్ 493 కొట్టెను. 1994లో క్రీడాకారుల సమ్మెచే ఆగస్టులోనే ఆటలు నిలిచిపోకున్నచో ఆ లోటు ఏడును బహుశః పూడియుండెడివి. పత్రికారచయితలు పదిమార్లు వోట్లు వేసియు ఆయనను కీర్తిమందిరమునకు ఎన్నుకొనలేదు. తుదకు 2022లో వేఱొక సంఘము ఎన్నుకొనెను. 500 కొట్టియుండినచో ఇంత కాలము పట్టెడిది కాదని నా యభిప్రాయము. మనవారును ఇందుకు భిన్నులు కారు. సచిన్ తెందూల్కర్ నూఱవ శతకమునకై దేశమంతయు ఏఁడాదిపాటు వ్రేళ్లు లెక్కించెను. 2012 మార్చి 16న మీర్పూరులో అది వచ్చెను. ఆ పందెమున బంగ్లాదేశ్ గెలిచినదని ఎందఱికి జ్ఞాపకమున్నది? ఉపాధ్యాయులమైన మేము మాత్రము? ముప్పదినాలుగు మార్కుల బాలుని ఒక కంటితోను ముప్పదియైదు మార్కుల బాలుని మఱియొక కంటితోను చూచుచునే యున్నాము.

ఇంక లెక్కలోనికే రానివారు కలరు. జాష్ గిబ్సన్ నల్లవాఁడగుటచే మేజర్ లీగులలో ఆడనీయఁబడలేదు. 1947 జనవరిలో ఆయన మరణించెను. ఆ యేప్రిల్‌లోనే జాకీ రాబిన్సన్ ఆ తలుపు తెఱచెను. కూపర్స్‌టౌన్ కీర్తిమందిరములోని గిబ్సన్ ఫలకముమీఁద దాదాపు ఎనిమిదివందల హోమ్ రన్లని యున్నది. 2024లో నీగ్రో లీగుల లెక్కలను మేజర్ లీగుల లెక్కలతోఁ గలిపినప్పుడు ఆయనకు దక్కినవి రెండు వందలకు లోపే, ఏలయనఁగా లీగు పందెములు గాక ఊరూరఁ దిరిగి ఆడిన ఆటలు అందు చేరవు. పట్టికను మాత్రమే చూచువానికి ఆయన కనఁబడనే కనఁబడఁడు.

బాండ్స్ సంగతి వేఱు. 2007 ఆగస్టు 7న శాన్ ఫ్రాన్సిస్కోలో 756వది కొట్టి ఆరన్‌ను మించెను. బలవర్ధకౌషధములు వాడెనను అనుమానము అప్పటికే దేశమంతట వ్యాపించియుండెను. తెలిసి వాడలేదని ఆయన వాదము. ఆ బంతిని ఒక వస్త్రవ్యాపారి ఏడున్నర లక్షల డాలర్లకు పైగా నిచ్చి కొని, దాని నేమి చేయవలెనో ప్రజలనే వోట్లడిగెను. అనుమానమునకు గుర్తుగా నక్షత్రపు ముద్ర వేసి కీర్తిమందిరమునకు పంపుఁడని వారనిరి, అట్లే జరిగెను. ఇది నాకు నచ్చలేదు. అనుమానమున్నచో విచారించి, కారణములు చూపి పలుకవలెను గాని, బంతిని చెక్కుటకు వోట్లేల? ఆరన్‌కు బెదరింపులు వ్రాసినదియు, ఈ బంతిమీఁద తీర్పు చెప్పినదియు జనసమూహమే.

నా మాటలన్నియు విని ఆ బాలుఁడు, "అయితే 762 పెద్దదా, 755 పెద్దదా?" అని మరల నడిగెను. గణితమున 762 యే పెద్దదని యొప్పుకొంటిని. ఆరన్ కూడ దాని నొప్పుకొనెను. బాండ్స్ తన్ను మించిన రాత్రి ఆయన ఆ మైదానములో లేఁడు. కాని ముందుగాఁ దీయించి యుంచిన యభినందన సందేశమును అచటి పెద్ద తెరమీఁదఁ జూపిరి. నేను బాలునికిఁ జెప్పిన పేరు ఆయనదే.